ఐదో శ్రుతి మీద ఒక నూలుపోగు

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం బియ్యం బస్తా విప్పి డబ్బాలో పోసుకుందామని, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మా అబ్బాయి ఇంట్లో బేస్‌మెంట్ మెట్లు దిగుతున్నాను. మోకాళ్ళు మూలుగుతాయి గనక మెట్టుకో దేవుణ్ణి తలుచుకుంటూ దిగడం నా అలవాటు. సగం దిగానో లేదో కింద నుంచి తంబూరా వినిపించింది, నా దేవుళ్ళందరూ ఎటు పోయారో తెలియలేదు. మీ ఇంటి గేటు కిర్రుమంటే మగతలో ఉన్నా పోల్చుకుంటారు చూడండి, అలా పోల్చుకున్నాను. అది నా తంబూరా. మీటుతున్న చెయ్యి నాది.

కింద మా మనవరాలూ దాని స్నేహితులూ స్కూల్లో జరగబోయే మ్యూజిక్ షోకి ప్రాక్టీస్ చేస్తున్నారు. వాళ్ళకి ఇప్పుడు అరవైల నాటి పాటల పిచ్చి పట్టింది. పొడుగు జుట్ల కుర్రాళ్ళు, రంగులు కరిగి కారిపోతున్నట్టుండే రికార్డు అట్టలు, సైకడెలిక్ రాక్ అని పేరు, మన తరం వాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని తప్పుకున్నారే, ఆ పాటలు. పాట మొదట్లో తంబూరా ఒక్కటే కాసేపు మోగుతుంది, తరవాత డ్రమ్ములు వచ్చి మీద పడతాయి. మా పిల్ల కీబోర్డు మీద ఆ శ్రుతిని వెతుకుతోంది. ఒక మెట్టు నొక్కుతుంది, మొహం చిట్లిస్తుంది, పక్క మెట్టు నొక్కుతుంది, మళ్ళీ చిట్లిస్తుంది.

"ఇది ఏ కీలోనూ లేదురా. జీ అంటే కొంచెం హై ఉంది, జీ షార్ప్ అంటే లో ఉంది."

"ఓల్డ్ టేప్ కదా, స్పీడ్ ఏదో తేడా అయి ఉంటుంది. జీలో ప్లే చేసేద్దాం, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు గిటారు కుర్రాడు.

"నాకు తెలుస్తుంది," అన్నాను మెట్ల మీంచి.

నలుగురూ తలెత్తారు. "నానమ్మా, నీకు ఈ సాంగ్ తెలుసా?" అంది మా పిల్ల.

"తెలియడమేంటే. మొదట మోగేది నేనే."

నిజం చెప్తున్నాను, ఈ సంగతి నేను దాచుకున్నది కాదు. మా అబ్బాయికి చిన్నప్పుడే చెప్పాను, కాకమ్మ కథ అనుకుని ఊఁ కొట్టి నిద్రపోయాడు. మా కోడలికి పెళ్ళయిన కొత్తలో చెప్పాను, "అవునా అత్తయ్యా!" అని ఫోను చూసుకుంది. అందుకని ఈసారి నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద కూడా పెడుతున్నాను.

నన్ను పెంచింది మా పిన్ని. కాకినాడలో మా అమ్మ పోయేనాటికి నాకు ఊహే తెలియదు. పిన్ని పెళ్ళి చేసుకోలేదు, పాటే ఆవిడ సంసారం. సభల్లో పాడేది, పెళ్ళిళ్ళలో పాడేది, తెల్లారగట్ల సాధకం చేసేది, ఆ సాధకానికి వెనక కూర్చుని తంబూరా మీటడానికి నేను. తంబూరా నాకంటే పొడుగున్న రోజుల నుంచీ మీటాను. బడివేళ దాటేదాకా సాధకం, బడి అయ్యే వేళకి శిష్యురాళ్ళ పాఠం, మధ్యలో వంట, అంచేత నాకు బడి లేదు. పిన్ని చేసింది తప్పే, ఆవిడ ఉండగానే మొహం మీద అన్నాను కూడా. "అక్షరం అందరికీ వస్తుందే, శ్రుతి రాదు," అనేది. ఆ మాటా అబద్ధం కాదు గనక నేను ఊరుకునేదాన్ని.

ఇక్కడ శ్రుతి గురించి రెండు ముక్కలు చెప్పాలి, తెలిసినవాళ్ళు విసుక్కోకండి. హార్మోనియం మీద తెల్లమెట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్తే ఐదోది ఐదో శ్రుతి, దాన్ని ఆనుకున్న నల్లమెట్టు ఐదున్నర. ఆడవాళ్ళు ఎక్కువమంది అక్కడే ఎక్కడో పాడతారు. మా పిన్ని రెంటిలోనూ పాడేది కాదు. ఐదు మీద ఒక నూలుపోగంత పైన ఆవిడ గొంతు నిలబడేది. హార్మోనియం వాళ్ళు ఏడ్చేవారు. "మెట్లు వాళ్ళ పెట్టెకి ఉన్నాయి, నా గొంతుకి లేవు," అనేది. వయొలిన్ వాళ్ళు, మృదంగం వాళ్ళు ఎంత పేరున్నవాళ్ళయినా సరే, నేను తంబూరా బిరడాలు తిప్పి, పూసలు జరిపి ఆ చోటు చూపిస్తే, అక్కడికే వచ్చి కలిసేవారు. మా పద్ధతిలో అందరూ తంబూరాకి కలవాలి, తంబూరా ఎవరికీ కలవదు. నాకు ప్రపంచంలో తెలిసిన న్యాయం అదొక్కటే.

ఆవిడకి ఇంకో పట్టుదల. రికార్డు కంపెనీల వాళ్ళు ఎన్నిసార్లు వచ్చినా పాడలేదు. మనిషి లేకుండా గొంతు వినపడితే దయ్యం అంటాం కదా, నన్ను దయ్యాన్ని చేస్తారా, అనేది.

అలాంటి మనిషిని కాలిఫోర్నియాలో ఒక యూనివర్సిటీ వాళ్ళు పాట నేర్పమని పిలిస్తే ఎందుకు ఒప్పుకుందో నాకిప్పటికీ తెలియదు. తంబూరా లేనిదే ఆవిడ రాదు, నేను లేనిదే తంబూరా రాదు, అంచేత నేనూ విమానం ఎక్కాను. కింద సామాన్లలో వెయ్యనివ్వకుండా తంబూరాని ఒళ్ళో పెట్టుకునే వస్తానని పట్టుబడితే, పక్కసీటు ఖాళీ చేసి దానికీ బెల్టు కట్టారు. మీలో కొందరు ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకుని వచ్చాం అని గొప్పగా చెప్పుకుంటారు. నా దగ్గర అవీ లేవు, తంబూరా ఉంది.

అక్కడ పిన్నికి కుదిరిన శిష్యురాళ్ళలో ఒక తెల్లపిల్ల మా ఇంట్లో మనిషి అయిపోయింది. నాకు చెల్లెలనే అనుకోండి. చెవి మంచిది, పాటతో పాటు తెలుగూ పట్టేసింది. కాకపోతే ఆ తెలుగంతా పాఠాల్లో పిన్ని తిట్టే తిట్లలోంచి నేర్చుకుంది. అదే తెలుగని అనుకుంది పాపం. పొద్దున్నే నవ్వుతూ వచ్చి, ఎంతో ప్రేమగా, "ఏమే మొద్దూ, కాఫీ తాగి తగలడ్డావా?" అనేది. పిన్ని వేరే వైపు తిరిగి నవ్వు ఆపుకునేది. దిద్దింది మాత్రం లేదు.

ఆ పిల్ల ద్వారానే ఆ రాక్ పాటల ప్రొడ్యూసరు మా ఇంటికి వచ్చాడు. ఆ రోజుల్లో వాళ్ళకి మన సంగీతం మీద మోజు. సితారు దొరికితే సితారు, తబలా దొరికితే తబలా, ఏదో ఒకటి పాటలోకి ఎక్కించేవారు. పిన్ని ఆలాపన కావాలన్నాడు. పిన్ని కాఫీ ఇచ్చి, కుదరదంది. ఆయన లేచి వెళ్ళబోతూ మూలనున్న తంబూరాని చూసి, పోనీ అదైనా, అన్నాడు. పిన్ని దానికేసి చూసింది.

"శ్రుతి నా ఒక్కదాని సొత్తా ఏమిటి. పిల్లని పంపిస్తాను," అంది. తరవాత నా వైపు తిరిగింది. "వెళ్ళిరా. నా శ్రుతి దించావో, మళ్ళీ నా వెనక కూర్చోవద్దు."

మీకు ఇది చిన్న మాటగా కనపడొచ్చు. చదువు లేదు, ఇంగ్లీషు రాదు, పాడటం కూడా రాదు, ఆ వెనక కూర్చునే చాప తప్ప నాకు భూమ్మీద చోటు లేదు. పిన్ని అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు.

స్టూడియో లాస్ ఏంజలెస్‌లో, కిటికీలు లేని గది. గోడలకి పరుపుల్లాంటివి కొట్టి, మాట అన్నది అన్నట్టే చచ్చిపోయేలా చేశారు. అట్ట మీద బొమ్మలు పడే ఆ నలుగురు కుర్రాళ్ళూ సోఫాలో వాలిపోయి ఉన్నారు, పూసలదండలూ అవీ వేసుకుని. వాళ్ళు వాయిస్తారేమో అనుకున్నాను. కాదు. వాయించేవాళ్ళు వేరే. శుభ్రంగా క్రాపు దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, అన్నం డబ్బాలు పట్టుకుని టైముకి డ్యూటీకి వచ్చినట్టు వచ్చారు. సెషన్ మ్యూజీషియన్లు అంటారట. పొద్దున ఒక పాటకి, మధ్యాహ్నం సబ్బుల ప్రకటనకి, సాయంత్రం ఇంకెవరి పాటకో. లోకమంతా ఊగిపోయిన ఆ పిచ్చి పాటలు వాయించినవాళ్ళు, పని కాగానే పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకోవాలని గడియారం చూసుకునే సంసారులు! ఆ నలుగురూ అట్ట మీద ఉన్నారు, మేం అట్ట లోపల ఉన్నాం. ఎవరి పేరూ వెయ్యలేదు. జన్మంతా పిన్ని వెనక కూర్చున్నదాన్ని, వాళ్ళని చూడగానే నా వాళ్ళనిపించారు.

బేస్ గిటారు వాయించే ఆయన నల్లవాడు, భారీ మనిషి, చర్చిలో పాడుకుంటూ పెరిగాడట. నేను ఆయన్ని పెద్దన్నయ్య అనుకున్నాను. పియానో ఆయనకి బట్టతల, పెద్దవాడు, బాబాయి. వాళ్ళకి ఈ వరసలు తెలియవు, నాకు మాత్రం వరస లేకపోతే మనిషి మొహం గుర్తుండదు.

మొదట జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నేను తంబూరా మీటగానే అద్దాల గదిలో రికార్డింగాయన చెవుల మీదున్నవి తీసేసి కంగారుగా బయటికొచ్చాడు. ఏదో జుమ్మంటోంది, వైరు పాడైందన్నాడు. ఒక్కొక్క మిషనూ ఆపారు, వైర్లు పీకారు, బల్ల కిందికి దూరారు. నేను అమాయకంగా మీటుతూనే ఉన్నాను, జుమ్మంటూనే ఉంది. తంతుల కింద మనం నూలుపోగు పెడతాం కదా, దాన్ని జీవ అంటాం, ఆ జుమ్మనేదే తంబూరాకి ప్రాణం. చివరికి పెద్దన్నయ్య వచ్చి నా తంబూరాకి చెవి ఆనించి విని, నేల మీద పాకుతున్న వాళ్ళకేసి చూసి, పడీ పడీ నవ్వాడు.

అసలు గొడవ ఆ తరవాత. నేను కళ్ళు మూసుకుని పిన్ని శ్రుతి పెట్టి, నా ధర్మం ప్రకారం, అందరూ వచ్చి కలుస్తారని కూర్చున్నాను. వాళ్ళ ధర్మం ప్రకారం అందరూ పియానోకి కలవాలి. నేను వాళ్ళ కోసం, వాళ్ళు నా కోసం, ఎవరూ కదలరు. బాబాయి ఒక మెట్టు నొక్కి చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. ప్రొడ్యూసరు వచ్చి, ఆయన గొంతుని బట్టి చూస్తే ఎంతో మర్యాదగానే, ఏదో అడిగాడు. మా చెల్లెలు తెలుగులో చెప్పింది:

"ఏమే గాడిదా, కాస్త దించి చావు అంటున్నారు."

నా ఒళ్ళు మండింది. "చచ్చినా దించనని చెప్పు."

ఆ పిల్ల ఏం చెప్పిందో గానీ ఆయన మొహం పాలిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి, ఇంకా మెత్తగా ఇంకేదో అన్నాడు.

"అంత మొండితనం ఎవరి దగ్గర నేర్చావే దున్నపోతా, అని అడుగుతున్నారు."

"మా పిన్ని దగ్గర," అన్నాను.

ఆ మాట మాత్రం ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది. పిన్ని పెట్టిన ఆంక్ష కూడా చెప్పింది, చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సోఫాలో కుర్రాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. ప్రొడ్యూసరు గడియారం చూసుకుని, ఇంక నన్ను పంపించెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. నేను తంబూరాకి గలీబు తొడగడం మొదలుపెట్టాను. ఉత్త చేతులతో పోతాను, పోతే పోయాను, నా చాప నాకు మిగులుతుంది అనుకున్నాను.

అప్పుడు పెద్దన్నయ్య నా దగ్గరికొచ్చి నేల మీద కూర్చున్నాడు. అంత మనిషి, గిటారు ఒళ్ళో పెట్టుకుని బాసింపట్టు వేసుక్కూర్చుని, మీటమన్నట్టు వేలు ఆడించాడు. గలీబు తీసి మీటాను. ఆయన కళ్ళు మూసుకుని, ఒక్కొక్క తంతీ బిగించుకుంటూ, నూలుపోగంత, ఇంకాస్త, ఇంకాస్త పైకి వచ్చి, వచ్చి, కలిశాడు. మీరు ఎప్పుడైనా రెండు తంతులు కలిసే క్షణం విన్నారా? మధ్యలో కొట్టుకుంటున్న అలలాంటిది ఆగిపోయి గది వెడల్పవుతుంది. ఆయన నవ్వుతూ వెనక్కి తిరిగి అందరితో ఒక మాట అన్నాడు. ఆ పిల్ల తిట్టు కలపకుండా తెలుగులో చెప్పిన మొదటి మాట అదే: "మా అమ్మ పాడిందీ ఏ మెట్టు మీదా కాదు, అంటున్నారు."

ఆ తరవాత గిటార్లన్నీ ఒకటొకటే వచ్చి నాకు కలిశాయి. పాపం బాబాయి పియానో ఒక్కటీ కదల్లేదు. దానికి రికార్డింగాయన ఉపాయం కనిపెట్టాడు. మా అందరిదీ ముందు రికార్డు చేసి, ఆ టేపు చిటికెడు నెమ్మదిగా తిప్పుతూ, శ్రుతి సరిగ్గా ఐదుకి దిగిన చోట బాబాయి చేత వాయించి, మళ్ళీ మామూలు వేగానికి తెచ్చేసరికి పియానో కూడా లేచొచ్చి మా పక్కన కూర్చుంది. పియానో అంతటిది! వాళ్ళు చప్పట్లు కొట్టుకున్నారు. నేను ఇంకో పని చేశాను, డబ్బాలో తెచ్చుకున్న దిబ్బరొట్టె తీసి అందరికీ పెట్టాను. పెద్దన్నయ్య తన డబ్బాలోంచి వాళ్ళావిడ చేసిన మొక్కజొన్న రొట్టె తీశాడు. రెండూ ఇనప మూకుడులో కాల్చినవే, అడుగున ఒకటే మాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని ఇద్దరం చాలాసేపు చూసుకున్నాం.

ఇంటికెళ్ళి పిన్నికి ఏమీ చెప్పలేదు. ఆవిడా అడగలేదు. అడగకపోతే భయం ఎక్కువ. మర్నాడు సాధకానికి చాప పరిచాను, కూర్చోమని గానీ వద్దని గానీ అనలేదు. పాట రేడియోలో వచ్చేదాకా నేను ఆ చాప అంచునే కూర్చున్నాను.

వచ్చింది. మా చెల్లెలు డొక్కు కారులో కూరగాయలకి వెళ్తున్నాం, పిన్ని ముందు సీట్లో, నేను వెనక. రేడియోలో ఎవరో గడగడా మాట్లాడి ఆపాడు, తంబూరా మోగింది. పిన్ని ఒళ్ళోని సంచీ మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. మరుక్షణం, ఆవిడకి తెలిసి కాదు, పాడింది. సముద్రం పక్క రోడ్డు మీద, అద్దాలు దించిన కారులో, షడ్జం పట్టుకుని నిలబడి, అక్కణ్ణించి మెల్లగా మోహన రాగంలోకి దిగి, నాలుగంటే నాలుగు సంగతులు, సంగతికో కొత్త మలుపు తిప్పుతూ. అంతలో డ్రమ్ములు వచ్చి మీద పడ్డాయి. పిన్ని ఆపి చెవులు మూసుకుంది. ఊరి మీద మిద్దెలు కూలినట్టు ఏమిటా చప్పుడంది. పాట అయ్యేదాకా ఆగి, వెనక్కి తిరగకుండానే అంది:

"శ్రుతి నాదే."

అంతే. ఆవిడ నోట నేను విన్న మెప్పు అదొక్కటే, నాకు జన్మకి సరిపోయింది. ఆ పాట ఆ వేసవంతా మోగింది. కిళ్ళీ కొట్టులాంటి చిన్న దుకాణాల్లో, పెట్రోలు పోసే చోట, బీచిలో, పక్కింటి కిటికీలో, ఎక్కడ విన్నా ముందు నేను, తరవాతే వాళ్ళు. ఎవరికీ తెలియకపోతేనేం? నాకు తెలుసు. తల ఎత్తుకుని బజారంతా తిరిగాను, ఊరేగింపులో నడిచినట్టు.

తరవాతి సంగతులు అందరివీ ఒకలాంటివే. డెట్రాయిట్‌లో కార్ల కంపెనీలో పనిచేసే మనవాడొకడు పిన్ని కచేరీకి వచ్చి, పాట కాకుండా వెనకున్న నన్ను చూశాడు. పెళ్ళయింది, ఇటొచ్చాం. పిన్ని కాకినాడ వెళ్ళిపోయి, కొన్నేళ్ళకి పోయింది. మా ఆయనా పోయారు. తంబూరా మాత్రం చలికి ఒకచోట బీటిచ్చినా నాతోనే ఉంది. చదువంటారా, ఈ మనవరాలు చిన్నప్పుడు గుళ్ళో ఆదివారం తెలుగు క్లాసుకి తోడు వెళ్ళి, వెనక బెంచీ మీద ఊరికే కూర్చోవడం ఎందుకని పలక పట్టాను. పాలపళ్ళు ఊడే పిల్లల మధ్య పెట్టుడు పళ్ళదాన్ని. నా 'ఋ' చూసి మా పిల్ల, "నానమ్మా, దిస్ ఈజ్ సో క్యూట్," అంది. క్యూటో కాకో, ఈ కాగితం నిండా ఉన్నవి ఆ అక్షరాలే. పిన్ని చెప్పింది సగం నిజం. అక్షరం అందరికీ వస్తుంది, కాస్త ఆలస్యమైనా.

ఇంతకీ ఆ ఆదివారం బేస్‌మెంట్‌లో ఈ కథంతా చెప్పాక పిల్లలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. గిటారు కుర్రాడు, "బామ్మగారూ, యు ఆర్ ఆన్ దిస్ ట్రాక్? లైక్, రియల్‌గా?" అన్నాడు. పైకి వెళ్ళి తంబూరా తెమ్మన్నాను. కొత్త నూలుపోగు వేసి, కళ్ళు మూసుకుని, ఏ ఫోనూ చూడకుండా పిన్ని శ్రుతి పెట్టాను. మా పిల్ల ఆ పాట మళ్ళీ వేసింది. పాటలో తంబూరా, నా ఒళ్ళో తంబూరా, రెండూ ఒకటే అయిపోయాయి, ఏది ఏదో చెప్పలేకపోయారు. మా అబ్బాయి ఆ చప్పుడుకి మెట్లు దిగొచ్చి, మధ్య మెట్టు మీదే కూర్చుండిపోయాడు. చిన్నప్పుడు ఊఁ కొట్టి నిద్రపోయినవాడు ఈసారి నిద్రపోలేదు.

షో రోజున స్టేజీ మీద నన్ను ముందు కూర్చోబెట్టారు. జన్మలో మొదటిసారి నా ముందు ఎవరి వీపూ లేదు. లైట్లు వెలిగాయి, నేను మీటాను. తరవాత పిల్లలు వచ్చి కలిశారు. ఆ ఈలలు, ఆ కేకలు! లేచి నిలబడ్డారండీ అమెరికా పిల్లలు, ముసలిదాని తంబూరాకి. మా కోడలు ఫోను దించకుండా వీడియో తీస్తూనే ఉంది. అయ్యాక మా పిల్ల నన్ను కావిలించుకుని, "నానమ్మా, మేమందరం నీ కీలో ప్లే చేశాం!" అంది. నాది కాదే, మా పిన్నిదని చెప్పాను.

ఒక్కటి మాత్రం చెప్పి ముగిస్తాను. మేం పూటంతా పోట్లాడి, ఏడ్చి, టేపు నెమ్మదిగా తిప్పి సాధించిన ఆ నూలుపోగు ఉంది చూశారూ, మా పిల్ల కీబోర్డు మీద ఒక చిన్న మీట ఇలా తిప్పితే వచ్చేసింది. మంచిదే. ఇప్పుడు పాట నేర్చుకునే పిల్లలు ఫోనులోనే తంబూరా పెట్టుకుంటున్నారు, ఏ శ్రుతి కావాలంటే ఆ శ్రుతి వేలితో జరుపుకోవచ్చు. అన్నీ దొరికే ఈ రోజుల్లో అందరూ వెళ్ళి ఏదో ఒక మెట్టు మీదే నిలబడుతున్నారెందుకో మరి. రెండు మెట్ల మధ్య సొంత చోటు చూసుకుని, లోకాన్నే అక్కడికి రమ్మనేవాళ్ళు నాకు ఈ మధ్య ఎక్కడా వినపడలేదు.

పిన్ని గొంతు ఎక్కడా లేదు. ఒక్క టేపు లేదు, ఒక్క రికార్డు లేదు, తను కోరుకున్నట్టే దయ్యం కాకుండా పోయింది. కానీ ఆ గొంతు నిలబడే చోటు ఆ పిచ్చి పాట మొదట్లో చెక్కుచెదరకుండా ఉంది. ఇప్పుడు మా పిల్ల స్కూలుకి వెళ్తూ దారిలో నన్ను గుడి దగ్గర దించడానికి కారు స్టార్ట్ చేయగానే, అడక్కుండానే ఆ పాట పెడుతుంది. నేను అద్దం దించుతాను. తంబూరా మోగుతుంది. డ్రమ్ములు వచ్చేలోపు మా పిన్ని నాలుగు సంగతులు పాడేసి వెళ్ళిపోతుంది.